ఇసుక కుప్ప ముందు జారుడుబల్ల వెలవెల

శ్రోతలకు నమస్కారం.

మా వీధిలో పిల్లల పార్కు ఉంది. దాని ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. సాయంత్రమైతే పిల్లలు పార్కు దాటిపోయి అక్కడి ఇసుక కుప్ప మీద పడతారు. మొన్న ఒక చిన్నపిల్ల తడి ఇసుకలో పాదం దూర్చి, పైన ఇసుక కప్పి, అరచేత్తో తట్టి తట్టి, ఊపిరి బిగబట్టి కాలు వెనక్కి లాక్కుంది. పిచ్చుకగూడు నిలిచింది! పార్కులో జారుడుబల్ల మాత్రం ఖాళీ. ఏప్రిల్ ఎండకి ఆ రేకు అట్లపెనంలా ఉంటుంది మరి.

ఈ సంగతి డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే ఆయన ఎప్పుడో గమనించాడు. పార్కులు, తోటలు డిజైన్ చేయడం ఆయన వృత్తి. తాను గీసిన ఆటస్థలాల్లో కన్నా, కట్టడాల దగ్గర పడి ఉన్న చెక్కలు, ఇటుకలతోనే పిల్లలు హాయిగా ఆడుతున్నారని చూశాడు. ఆయన ఆలోచనతోనే 1943లో, జర్మన్ సేనల ఆక్రమణ నడుస్తుండగా, కోపెన్‌హాగన్‌లో తుక్కు సామాన్లతో ఒక ఆటస్థలం వెలిసింది.

మన హైదరాబాద్‌కి తుక్కు కూడా అక్కర్లేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలున్నాయి. వాటిని పేల్చేసి, చదును చేసి, ఆ చోటే ఫైబర్ కొండలు తెచ్చి పెడుతున్నాం. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియదు. గుండ్రటి బండ ఒకటి ఉంచేస్తే, ఎక్కడానికీ జారడానికీ అదే చాలు. పక్కన కానుగ చెట్టు. వేసవి మొదట్లోనే చిగురిస్తుంది కాబట్టి ఎండాకాలానికి నీడ సిద్ధం. కొమ్మలు కిందికి ఉంటే కోతికొమ్మచ్చి కూడా. పచ్చగన్నేరు మాత్రం వద్దు, అది విషం. నీళ్ల కుళాయి పెడితే కాలువ చెట్ల మొదళ్లకి పోవాలి, నిలిస్తే దోమలు.

దెబ్బలు తగలవా అంటారు. తగులుతాయి. అయితే కొమ్మ ఎత్తెంతో పిల్లకి కళ్ల ముందే కనిపిస్తుంది, ఉయ్యాల గొలుసులో అరిగిన కొక్కెం కనిపించదు. నా టెన్షన్ ఆ కొక్కెం గురించే.

మట్టి మంచిదేనా? ఫిన్‌లాండ్‌లో డేకేర్ పెరళ్లలో అడవి నేల పరిచి, పిల్లల్ని ఆడించారు. 28 రోజుల్లో వాళ్ల చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తపరీక్షల్లో రోగనిరోధక వ్యవస్థ మెరుగైన సూచనలూ కనిపించాయి. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

మా కాలనీ మీటింగులో ఇదంతా చెప్పాను. “బట్టలు ఎవరు ఉతుకుతారండీ?” అని ఒకావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎదురింటి ప్లాస్టరింగ్ అయిపోతే ఆ కుప్ప ఉండదు. అందుకే నిన్న జారుడుబల్ల పక్కన టేపు పట్టి కొలిచాం: పన్నెండడుగుల చోటుంది. లారీ ఇసుక ఎంతో కనుక్కోవాలి.