సూర్యలంక ఇసకలో దొరికిన బాండీ

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ ఇందాక అధ్యక్షులవారు చదివేశారు, నేను మళ్ళీ చదవట్లేదు, ఏమనుకోవద్దు. నాకిచ్చిన టాపిక్ తీరప్రాంత పర్యాటకం. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంది గానీ, ముందు మా పిన్ని సంగతి చెప్పాలండి.

గుంటూరోళ్ళకి బాపట్ల పక్కనున్న సూర్యలంక బీచ్ గురించి నేను చెప్పేదేముంది, కార్తీక మాసం వస్తే సగం ఊరు అక్కడే ఉంటుంది. అక్కడ మా పిన్నిది మిరపకాయ బజ్జీల బండి. ఏడాది మొత్తం మీద ఆమె నాలుగు డబ్బులు కళ్ళజూసేది ఆ నెల్లోనే. 2023లో పౌర్ణమి బానే గడిచింది, ఇంకో వారం కార్తీకం మిగిలుందనగా డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది.

1977 నవంబర్ 19 ఉప్పెన చూసినవాళ్ళు ఈ హాల్లో ఉండే ఉంటారు, దివిసీమలో వేల ప్రాణాలు పోయాయి. ఇప్పుడు ముందే హెచ్చరికలొస్తున్నాయి, జనాన్ని తరలిస్తున్నారు, అది మాత్రం గొప్ప మార్పేనండి, కాదన్ను. మా పిన్నీ అలాగే బతికింది.

కానీ తిరిగెళ్ళేసరికి బండి లేదు, పైన రేకుల్లేవు. రెండు రోజులు చేతుల్తో ఇసక తవ్వుకుంటే బాండీ దొరికింది, ఒక చెవి ఊడిపోయి, నిండా ఉప్పిసక. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుందండి. తర్వాత నష్టం రాసుకోడానికొచ్చినాయన వరి రాసుకున్నాడు, రాసుకోవాల్సిందే, కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడున్నాయి. మరి నా బండో అని అడిగితే, దానికి ఫారంలో కాలమ్ లేదమ్మా అన్నాడు. కాలమ్ లేదు! ఆ మాట మా పిన్ని నాకు ఫోన్లో మూడుసార్లు చెప్పింది.

రూములకి రంగులేసి, మళ్ళీ జనం వస్తుంటే ఊరు కోలుకుందని రాసేస్తాం. ఆ జనానికి టీ పోసేవాళ్ళు, కొబ్బరిబోండాలు కొట్టేవాళ్ళు, ఆటోవాళ్ళు వడ్డీకి తెచ్చి మళ్ళీ మొదలెట్టారు, ఆ వడ్డీ ఎవరి లెక్కలోకొస్తుంది? ఇక్కడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారు కదా, మీకే చెప్తున్నా, ఆ ఫారంలో ఒక గడి కలపండి. లైసెన్సు కాగితం లేకపోతే పక్క బండివాళ్ళ సాక్ష్యం తీసుకోండి.

ఇంకోటి, ఒడ్డునుండే సరుగుడు చెట్లు. గాలికి అడ్డం నిలబడేది అవేనండి, వ్యూ కోసమని కొట్టొద్దు.

టైమైందని చీటీ ఇచ్చారు, ఒక్క నిమిషం. ఈసారి వెళ్ళినప్పుడు పులిహోర ఇంటి నుంచి తీసుకెళ్ళండి, బజ్జీలు మాత్రం అక్కడే కొనండి. ఒంటి చెవి బాండీ కనిపిస్తే అది మా పిన్నిదే.