లీష్ లాగితే జత తప్పుతుంది: ర్యాలీ ఒబీడియెన్స్‌లో తొలి అడుగులు

నమస్కారం. కుక్కల శిక్షణ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "మా కుక్కకు అన్నీ వచ్చండీ, లీష్ ఒక్కసారి గుంజితే చాలు, కూర్చుంటుంది" అంటారు. అక్కడ కూర్చోబెట్టింది లీష్, అంటే మెడపట్టీకి కట్టిన తాడు. దానిని శిక్షణ అని నేను ఒప్పుకోలేను. ఈరోజు నేను చెప్పేది ర్యాలీ ఒబీడియెన్స్ గురించి, అంటే కుక్కా మనిషీ జతగా నడుస్తూ బోర్డుల మీద ఉన్నది చేసే పోటీ.

కోలాటం గుర్తు తెచ్చుకోండి. జతగాడి చెయ్యి పట్టి లాగి ఎవరూ ఆడించరు. తాళాన్ని బట్టి ఇద్దరి కోలలూ సరిగ్గా ఒకే చోట కలుస్తాయి. మామూలు ఒబీడియెన్స్ పోటీలో, అంటే కుక్క ఎంత మాట వింటుందో చూసే పోటీలో, గురువు ఈల వేసినట్టు న్యాయనిర్ణేత ప్రతి ఆదేశమూ చెబుతారు. బడ్ క్రేమర్ అనే ఆయన రూపొందించిన ర్యాలీలో మాత్రం న్యాయనిర్ణేత బయలుదేరమని ఒక్కసారి చెప్పి ఊరుకుంటారు. ఆపై దారి పొడవునా ఉన్న, ఏం చేయాలో చెప్పే బోర్డులను చదువుకుంటూ, కుక్కతో మాట్లాడుతూ, మెచ్చుకుంటూ మీరే నడవాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 నుంచి దీనికి టైటిళ్లు ఇస్తోంది.

ఈ ఆటలో కోలలు కలిసే చోటు మీ ఎడమ తుంటి. కుక్క తల నుంచి భుజం వరకు ఉన్న భాగం ఆ తుంటికి సరిసమానంగా ఉండాలి, దీనినే హీల్ అంటారు. ఉడికించిన కోడిమాంసాన్ని గోరంత ముక్కలుగా చేసి, ఒక ముక్కను ఎడమచేతిలో, ప్యాంటు పక్కకుట్టు దగ్గర ఉంచి, రెండడుగులు వేసి ఆగండి. కుక్క కూర్చోగానే ముక్కను అక్కడే అందించండి. చాలామంది కుడిచేతితో అందిస్తారు. కుక్క తెలివైనది కనుక మరుసటిసారి ముక్క వచ్చే వైపుకే మూతి చాచి, మీ కాళ్లకు అడ్డంగా, వంకరగా కూర్చుంటుంది, ఆ తరువాత తిట్లు కూడా అదే తింటుంది. వంకర పోవాలంటే కుక్కను మీకూ గోడకూ మధ్య ఉంచి, గోడ వెంబడే నడిచి ఆగండి.

ఇక లీష్ సంగతి. నోవిస్ అనే తొలి స్థాయిలో లీష్ ఉంటుంది, కానీ అది వదులుగా వేలాడుతూ ఉండాలి; బిగిస్తే మార్కులు పోతాయి. అంటే కోలాటంలో జతగాడి చెయ్యి లాగినందుకు కోత అన్నమాట, ఈ నియమం నాకు ఎంతో ఇష్టం. 10 నుంచి 15 బోర్డులు ఉంటాయి. 100 మార్కులతో మొదలుపెట్టి 70 నిలబెట్టుకుంటే అర్హత దక్కుతుంది. కనీసం ఇద్దరు వేర్వేరు న్యాయనిర్ణేతల దగ్గర మొత్తం మూడుసార్లు అర్హత పొందితే తొలి టైటిల్ వస్తుంది. మామూలు ఒబీడియెన్స్‌లో 200కు 170 రావాలి, పైగా ప్రతి అంశంలోనూ సగానికి మించి రావాలి.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. రింగులోకి, అంటే పోటీ జరిగే చోటులోకి, తిండి తీసుకువెళ్లకూడదు, కాబట్టి ఇంటి దగ్గరే ముక్కలను క్రమంగా తగ్గించండి. కొన్ని బోర్డులు అడిగే, కోన్ల చుట్టూ తిరగడం హీల్ కుదిరిన తరువాతే మొదలుపెట్టండి. పోటీకి ముందు కుక్క లేకుండా కోర్సంతా నడిచి చూసుకోనిస్తారు. ఖాళీగా ఉన్న ఎడమవైపు చూసి "కూర్చో" అంటూ పెద్దవాళ్లు నడుస్తుంటే నవ్వొస్తుంది గానీ, 270 డిగ్రీల మలుపు ఎటు తిరగాలో మీ కాళ్లకు తెలిసేది ఆ నడకలోనే.