ఇరుగుపొరుగు సగటు: రాతిగోడకూ, బోరుబావికీ, పత్తి ధరకూ ఒకే సమీకరణం

(దృశ్యం: జమ్మలమడుగు వైపు ఒక పాత నాపరాతి ఇల్లు. రాత్రి పది గంటలు. ఆరుబయట నులక మంచం. ఇంటి గోడకు ఆనించిన అరచేయి దగ్గరగా కనబడుతుంది.)

వ్యాఖ్యానం: మే నెలలో మా కడప జిల్లాలో రాతిగోడల ఇంట్లో పడుకున్నవారందరికీ ఈ అనుభవం ఉంటుంది. పొద్దుగూకి మూడు నాలుగు గంటలై బయట గాలి చల్లబడినా, గోడ మీద చేయి పెడితే ఇంకా వెచ్చగానే తగులుతుంది. మధ్యాహ్నం గోడ బయటి ముఖాన పడిన ఎండ రాయిలోంచి మెల్లగా నడిచి, మనం నిద్రకు ఉపక్రమించే వేళకు లోపలికి చేరుతుంది. ఈ నడకకు ఎంత కాలం పడుతుందో లెక్క కట్టే సమీకరణాన్ని ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ ఫోరియర్ 1807లో ప్యారిస్ పండితుల ముందు ఉంచాడు. లాగ్రాంజ్ వంటి మహా గణితజ్ఞుడు అతని పద్ధతికి అభ్యంతరం చెప్పాడు. ఆ సిద్ధాంతం పూర్తి గ్రంథంగా వెలువడేసరికి 1822 వచ్చింది.

ఆ సమీకరణాన్ని గుర్తులు లేకుండా మాటల్లోనే చెప్పవచ్చు. ఒక చోట వేడి ఎంత వేగంగా మారుతుందన్నది, ఆ చోటు తన ఇరుగుపొరుగు సగటు కంటే ఎంత ఎక్కువగా లేదా తక్కువగా వేడెక్కి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. సగటు కంటే ఎక్కువ ఉంటే తగ్గుతుంది, తక్కువ ఉంటే పెరుగుతుంది, సమానంగా ఉంటే కదలదు. ఈ వీడియోలో చెప్పబోయేదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది కనుక, దీన్ని ఒకసారి మనసులో నిలుపుకోవలసిందిగా కోరుతున్నాను.

(దృశ్యం: తెల్ల కాగితం మీద గోడ అడ్డకోత. సెంటీమీటరుకు ఒక చుక్క చొప్పున 21 చుక్కలు.)

వ్యాఖ్యానం: గోడ మందం 20 సెంటీమీటర్లు అనుకుందాం. సున్నపురాయి జాతి రాళ్ళలో వేడి పాకే గుణకం సుమారుగా సెకనుకు ఒక చదరపు మీటరులో పది లక్షలవ వంతు. మందాన్ని మందంతో గుణించి ఈ గుణకంతో భాగిస్తే 40,000 సెకన్లు, అంటే దాదాపు 11 గంటలు వస్తుంది. గోడలో వేడి పూర్తిగా సర్దుకోవడానికి పట్టే కాలానికి ఇది ఉజ్జాయింపు. గోడ 10 సెంటీమీటర్లే అయితే ఇది సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మందపు గోడల ఇళ్ళు పగలు చల్లగా ఉండి రాత్రి వెచ్చగా మారడంలో ఉన్న మర్మం ఇదే.

అయితే ఇది కాగితం మీది అంచనా మాత్రమే. నిజమైన గోడకు ఎండ రోజంతా ఒకే తీరుగా తగలదు, మబ్బు పడుతుంది, సాయంత్రం గాలి వీస్తుంది, లోపల పొయ్యి వెలుగుతుంది. అటువంటి సందర్భాల్లో చక్కని సూత్రం దొరకదు కాబట్టి, గోడను చుక్కలుగానూ కాలాన్ని అడుగులుగానూ విడగొట్టి, ఒక్కొక్క చుక్క దగ్గర ఇరుగుపొరుగు సగటును మళ్ళీ మళ్ళీ లెక్కించుకుంటూ పోవాలి. సంఖ్యాత్మక పద్ధతి అంటే ఇదే.

ఇక్కడ ఒక చిక్కును దగ్గరగా చూడాలి, ఎందుకంటే నేను మొదటిసారి ఈ లెక్కను స్వయంగా రాసినప్పుడు దెబ్బతిన్నది ఇక్కడే. గోడంతా సున్నా దగ్గర ఉండి, నడిమి చుక్క ఒక్కటే 10 డిగ్రీలు ఎక్కువగా ఉందనుకుందాం. కాలపు అడుగును గుణకంతో గుణించి, చుక్కల ఎడం వర్గంతో భాగిస్తే ఒక్కొక్క పక్క విలువకు దక్కే వాటా వస్తుంది, మిగిలింది సొంత విలువ వాటా. కాలపు అడుగును 25 సెకన్లుగా తీసుకుంటే, కొత్త విలువ కోసం పాత విలువలో సగాన్ని, రెండు పక్కల విలువల్లో ఒక్కొక్క దానిలో పావు వంతును కలపాలి. అప్పుడు నడిమి చుక్క 5కు దిగుతుంది, పక్కవి రెండూ 2.5కు ఎక్కుతాయి. మొత్తం 10 అలాగే ఉంది, లెక్క సబబుగా ఉంది.

త్వరగా ముగించాలనే ఆత్రంతో అడుగును 60 సెకన్లు చేద్దాం. ఇప్పుడు పక్క విలువల వాటా ఒక్కొక్కటి 0.6 అవుతుంది, సొంత విలువ వాటా మైనస్ 0.2కు పడిపోతుంది. నడిమి చుక్క మొదటి అడుగులో మైనస్ 2కు, రెండో అడుగులో 7.6కు, మూడో అడుగులో మైనస్ 4.4కు చేరుతుంది. సున్నా కంటే చల్లనిది ఏదీ లేని గోడలో సున్నా కంటే 4.4 డిగ్రీల చల్లదనం ఎక్కడి నుండి వచ్చింది? గోడ నుండి రాలేదు, మనం ఎంచుకున్న అడుగు నుండి వచ్చింది. ఈ గోడకు, ఈ చుక్కల ఎడానికి 50 సెకన్లే హద్దు, అది దాటితే సొంత విలువ వాటా మైనస్‌లోకి పోతుంది. ఎడాన్ని సగం చేస్తే ఆ హద్దు 12.5 సెకన్లకు కుదించుకుపోతుంది, చుక్కలు రెట్టింపు అవుతాయి, మొత్తం శ్రమ ఎనిమిది రెట్లు పెరుగుతుంది. 1947లో ఇంగ్లండులో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ పాత విలువలనూ కొత్త విలువలనూ సగం సగం కలుపుకొనే పద్ధతిని ప్రతిపాదించి ఈ హద్దును తొలగించారు. హద్దు తొలగినంత మాత్రాన జవాబు కచ్చితమైపోదని మాత్రం గుర్తుంచుకోవాలి.

(దృశ్యం: అనంతపురం పల్లె పొలం. బోరు పైపు, వేరుశనగ చేను, బావిలోకి దించుతున్న కొలత టేపు.)

వ్యాఖ్యానం: బోరుబావిలో మోటారు వేయగానే చుట్టూ భూగర్భ జలమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. కుంగిన చోటుకు చుట్టుపక్కల నీరు చేరుకుంటుంది. వేడి ఉన్న స్థానంలో నీటిమట్టాన్ని ఉంచితే సమీకరణం అదే. నీరు ఇసుక గుండా ఎలా పారుతుందో 1856లో ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ డార్సీ ప్రయోగాలతో తేల్చగా, 1935లో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు చార్లెస్ థైస్ ఉష్ణ సిద్ధాంతంలో అప్పటికే ఉన్న జవాబును తెచ్చి బావికి అన్వయించాడు. పలకలోంచి వేడిని లాగే సన్నని తీగ స్థానంలో అతను బావిని నిలబెట్టాడు. ఒక శాస్త్రంలో శ్రమించి సాధించిన ఫలితం మరో శాస్త్రానికి ఇంత నేరుగా అక్కరకు రావడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే థైస్ సూత్రం నేల అన్ని వైపులా ఒకే తీరుగా ఉంటుందని అనుకుంటుంది. అనంతపురం నేలలో చాలా భాగం గ్రానైటు, నైసు వంటి గట్టి రాయి. నీరు ఉండేది పై పొరలోని శిథిల రాతిలో, కింద పగుళ్ళలో. ఒక రైతు బోరులో నీరు పడి, గట్టు అవతలి బోరులో దుమ్ము మాత్రమే లేవడానికి కారణం ఇదే. చుక్కలు ఎంత దగ్గరగా పెట్టినా, పగులు ఎక్కడ ఉందో తెలియనంత వరకు లెక్క బాగుపడదు. అందుకు గంట గంటకూ నీటిమట్టం కొలవడం, పక్క బావులను గమనించడం తప్ప మరో దారి లేదు.

(దృశ్యం: ఆదోని మార్కెట్ యార్డు. పత్తి బోరాలు, వేలం.)

వ్యాఖ్యానం: ఇక ఆర్థికశాస్త్రం. ఆరు నెలల తర్వాత క్వింటాలు పత్తిని ముందే అనుకున్న ధరకు అమ్ముకునే హక్కు, బాధ్యత లేని హక్కు, ఒక రైతుకు దొరికిందనుకుందాం. మార్కెట్ ధర అంతకంటే ఎక్కువ ఉంటే హక్కును వదిలేయవచ్చు, తక్కువ ఉంటే వాడుకోవచ్చు. ఆ హక్కుకు ఈ రోజు ఎంత చెల్లించడం న్యాయం? ధరల కదలికకు సంభావ్యతా గణితాన్ని ముడిపెట్టి 1900లో ప్యారిస్‌లో లూయీ బాషెలియే తన పరిశోధన వ్యాసం రాశాడు. అదే తరహా గణితంతో నీటిలో తేలే రేణువుల కదలిక మీద ఐన్‌స్టీన్ రాసిన వ్యాసం 1905లో వచ్చింది. అంటే ఈ ఒక్క విషయంలో భౌతికశాస్త్రం కంటే బజారు ఐదేళ్ళు ముందు నడిచింది. ఇటువంటి హక్కుకు ధర కట్టడానికి 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఇచ్చిన సమీకరణాన్ని చరరాశులు మార్చి రాస్తే ఫోరియర్ ఉష్ణ సమీకరణమే తేలుతుంది. తేడా ఏమిటంటే, గోడ లెక్క నేటి నుండి రేపటికి నడుస్తుంది, ఈ లెక్క గడువు రోజున తెలిసిన విలువ నుండి వెనక్కి నేటికి నడుస్తుంది.

వడ్డీని పక్కన పెడితే, ఈ రోజు హక్కు విలువ అంటే రేపటి మూడు పొరుగు ధరల దగ్గర ఉన్న విలువల సగటు. ధర పెరిగితే ఒకటి, నిలిస్తే ఒకటి, తగ్గితే ఒకటి. గోడలో మనం వాటాలు అన్నవి ఇక్కడ సంభావ్యతలు అవుతాయి. గోడ లెక్కలో వచ్చిన ఆ మైనస్ 0.2ను ఇప్పుడు మళ్ళీ చూడండి. రేపు ధర నిలిచి ఉండే అవకాశం మైనస్ 20 శాతం అని అది చెబుతోంది. అది అర్థం లేని మాట అని ఏ వ్యాపారి అయినా వెంటనే చెప్పగలడు. రాతిగోడలో కారణం తెలియకుండా చెడిన లెక్క ఎందుకు చెడిందో పత్తి యార్డులో స్పష్టమవుతుంది.

కానీ వేడి ఒక చుక్క నుండి పక్క చుక్కకే వెళుతుంది, దూకదు. ధర దూకుతుంది. 1987 అక్టోబరు 19న అమెరికాలో పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే డౌ జోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడింది. ఊగిసలాట ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుందని, ధర చిన్న చిన్న అడుగులతోనే కదులుతుందని అనుకున్న సిద్ధాంతానికి అది తగిలిన దెబ్బ. లెక్క అడుగును ఎంత చిన్నది చేసినా ఆ పొరపాటు పోదు, ఎందుకంటే అది లెక్కలో లేదు, ఊహలో ఉంది. జవాబు తప్పినప్పుడు తప్పు అడుగులో ఉందా, ఊహలో ఉందా అని విడదీసి చూడడమే ఇటువంటి లెక్కల్లో కష్టమైన పని అని నా అభిప్రాయం. మొదటిదాన్ని కనిపెట్టడానికి అడుగూ ఎడమూ తగ్గించి జవాబు మారుతుందేమో చూస్తే చాలు. రెండోదానికి మాత్రం టేపు పట్టుకుని బోరు దగ్గరకు వెళ్ళాలి.

(దృశ్యం: కంప్యూటరు తెర. ఎక్సెల్ పట్టికలో 21 గడులు.)

వ్యాఖ్యానం: ఈ లెక్కను మీరే చేయవచ్చు. ఒక వరుసలో 21 గడులు తీసుకుని, నడిమి గడిలో 10, మిగిలిన వాటిలో సున్నా రాయండి. రెండు చివరి గడులను ప్రతి వరుసలోనూ సున్నా గానే ఉంచండి. కింది వరుసలోని మిగతా గడుల్లో, పై గడి విలువను 0.5తోనూ, దానికి ఇరుపక్కల ఉన్న రెండు గడుల మొత్తాన్ని 0.25తోనూ గుణించి కలపండి. ఆ సూత్రాన్ని వంద వరుసల దాకా కిందికి లాగండి. తర్వాత 0.5 స్థానంలో మైనస్ 0.2నూ, 0.25 స్థానంలో 0.6నూ పెట్టి, వందో వరుసలో ఏ అంకెలు కనబడుతున్నాయో చూడండి.