పంచమం ఆపండి, అప్పుడు వినండి
(పాలమూరులో బాలమురళీకృష్ణ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంట దానికే సరిపోతది. మన్నించండి.

కర్ణాటక సంగీత విద్వాంసులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జీవితం మీకు ఎరుకే. 1930 జులై 6న తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు, బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయారు. తండ్రి పట్టాభిరామయ్య గారు పెంచారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. ఆయనకు గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయనకు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయనకు సాక్షాత్తు త్యాగరాజస్వామి. ఎనిమిదేళ్లకు కచేరీ, తర్వాత విజయవాడ రేడియో, 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూత. జీవితచరిత్ర అయిపోయింది. ఇగ నా బాధ చెప్పుకుంటా.

ప్రతి జయంతికీ ఒకటే మాట: పదిహేనేళ్లకే 72 మేళకర్తల్లో, అంటే ఏడు స్వరాలూ ఉన్న జనక రాగాల్లో, కృతులు కట్టారు. చప్పట్లు. మరి అందులో ఒక్కటి పాడండి అంటే అందరూ నేల చూపులే. ఆ కృతులు 'జనకరాగ కృతిమంజరి'గా 1952లోనే అచ్చయినయి. అయినా దండ వేసి, ఓ సినిమా పాట పాడి, చాయ్ తాగి పోతున్నం. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. 72 అన్న లెక్కలో ఆయన మొదటివారు కాదు. వాగ్గేయకారుడు కోటీశ్వర అయ్యర్ అంతకు ముందే అన్ని మేళాల్లో తమిళంలో రాశారు. ఆ వయసులో చేయడం అబ్బురమే. కానీ కష్టం అంకెలో లేదు, వివాది మేళాల్లో, అంటే పక్కపక్కనే పడి పొసగని స్వరాలున్న మేళాల్లో, ఉంది. 72లో 40 అవే. మొదటి మేళం కనకాంగి తీసుకోండి. శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం. నేర్చుకునేవాళ్లు గాంధారం అని పలుకుతూ చతుశ్రుతి రిషభం పాడేస్తరు. స్థానం అదే, కానీ పాట రెండు రిషభాల మధ్య నలిగిపోతది.

సరే, మేళాలు పక్కన పెడదాం. ఆయన సొంత రాగం లవంగి చూద్దాం. నాలుగే స్వరాలు: షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. ఈ హార్మోనియం మీద ఒకటో శ్రుతి పెట్టుకుంటే మొదటి తెల్లమెట్టు స, దాని పక్క నల్లమెట్టు రి. మధ్యలో మూడు మెట్లు వదిలితే మ. ఇంకో రెండు వదిలితే ద. మళ్లీ మూడు వదిలితే పై స. పన్నెండులో ఎనిమిది మెట్లు ముట్టనే ముట్టం.

ఎక్కడ చెడుతదో జర వినండి. మొదటిది తంబుర. అలవాటుగా స-ప శ్రుతి పెడతరు. ఈ రాగంలో పంచమం లేదు, పైగా శుద్ధ ధైవతం పంచమానికి పక్క మెట్టే. తీగ ప అంటుంటే గొంతు ద అంటది, వినేవాడికి అపశ్రుతిలాగే ఉంటది. తప్పు గొంతుది కాదు, తీగది. పంచమం తీగను మధ్యమానికి దించాలి. శ్రుతిపెట్టె అయితే పంచమం ఆపి మధ్యమం పెట్టాలి. రెండోది గమకం, అంటే స్వరాన్ని ఊపడం. తోడి రాగంలో మ ఊపినట్టు ఇక్కడ ఊపితే గాంధారం వచ్చి కూర్చుంటది. ద ఊపితే నిషాదం తగులుతది. మధ్యమం సాదాగా నిలపాలి. వయొలిన్ వాళ్లకూ ముందే చెప్పుకోవాలి, లేకపోతే వాళ్లు ఖాళీలన్నీ జారుడుతో నింపేస్తరు.

ఇంకో తమాషా. లవంగిలో రిషభాన్ని షడ్జంగా పట్టుకోండి. అంతర గాంధారం, పంచమం, కాకలి నిషాదం వస్తయి. అరే, ఆయన ఇంకో నాలుగు స్వరాల రాగం మహతి వచ్చింది అంటరు పిల్లలు. రాలేదు. ఆయన మహతిలో కైశికి నిషాదం. ఒక్క మెట్టు తేడా!

అయిదు స్వరాలు లేనిది రాగమెట్లయితది అని అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. వీణ ఎస్. బాలచందర్ గారు బహిరంగంగానే ఆయన్ను నిలదీశారు. అది శాస్త్రం అడగాల్సిన ప్రశ్నే, తప్పేం లేదు. నా మటుకు నేను రెండు పక్షాలకూ ఒకటే చెప్తా: ముందు పాడండి, తర్వాత కొట్లాడండి. దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర విన్న జిల్లా ఇది. ఆ పన్నెండూ ఈ పన్నెండూ ఒకటి కాకపోవచ్చు, కానీ మెట్టు లెక్క మన చెవికి కొత్త కాదు.

తిల్లానాల గురించి చెబుదామనుకున్నా, గడియారం ఒప్పుకునేట్టు లేదు. ఆయన ఊహించిన ముఖి తాళం మాత్రం వదలను. ముందు వరుస పిల్లలూ, చేతులు తీయండి. ఆదితాళం. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసర్జితం అంటే చేయి వెల్లకిల తిప్పడం, మళ్లీ దెబ్బ, విసర్జితం. చప్పుడయ్యేవి మూడే, కాదా? గతిని, అంటే ఒక్కో క్రియకు పడే మాత్రల లెక్కను, ఆ చప్పుళ్ల దగ్గరే మార్చడం బాలమురళి గారి ఊహ. త్రిముఖి అంటే దెబ్బకు మూడు మాత్రలు. మిగతా అయిదు క్రియలకూ, అంటే మూడు వేళ్లకూ రెండు విసర్జితాలకూ, మామూలుగా నాలుగేసి వేసుకుంటే తొమ్మిది, ఇరవై: మొత్తం 29. మామూలు ఆదికి 32. పంచముఖి అయితే 35, సప్తముఖి 41, నవముఖి 47.

చేయి ఎక్కడ తప్పుతదంటే, చివరి రెండు దెబ్బల దగ్గర. దెబ్బ, విసర్జితం జంటగా వస్తయి కదా, రెండింటికీ నాలుగు కొట్టేస్తం. అందుకే దెబ్బకు తకిట, వేలికీ విసర్జితానికీ తకధిమి అని నోటితో చెప్పుకుంటూ వారం రోజులు వట్టి చేతులతో వేయండి. పాట ఆ తర్వాత.

అధ్యక్షుల వారి చీటీ వచ్చింది. ఆపుతున్నా. అమ్మా, ఆ శ్రుతిపెట్టెలో పంచమం ఆపి మధ్యమం పెట్టు. అందరూ ఒకసారి నాతో, ఊపకుండా: స... రి... మ...