జెండా పాట ఎవరి మాట?

సభకు నమస్కారం.

ఈ రోజు సెప్టెంబర్ 9, కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. మాటకు అర్థం మనిషి ఇస్తాడా, సమాజం ఇస్తుందా అన్నదాని మీద మాట్లాడమన్నారు. పుస్తకాల దాకా పోయే ముందు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పోదాం.

మిర్చి సీజన్లో అక్కడ 'జెండా పాట' అవుతుంది. కొత్తగా విన్నవాళ్లు పంద్రాగస్టు అనుకుంటారు. ఇక్కడ పాట అంటే వేలం పాట. మేలు రకం సరుకుకు ఆ రోజు పలికిన ధర అది. పేపర్లో వచ్చేదీ అదే, చాలామంది రైతులకు దక్కేది మాత్రం అంతకంటే తక్కువ. ఈ అర్థాన్ని ఫలానావాళ్లు పెట్టారని ఎవరూ చెప్పలేరు.

నేను రైతు ఇంట్లోనే పుట్టాను. అయినా మిర్చి రకాల్లో తేజ కాయకూ 341కూ తేడా చెప్పమంటే తెల్లమొహం వేస్తాను. మరి నేను 'తేజ' అంటే అర్థం లేనట్టా? ఉంది. తేడా తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారు, వాళ్ల ఎరుక మీద నా మాట నడుస్తోంది. హిలరీ పట్నం అనే అమెరికా తత్వవేత్త 1975లో చెప్పింది ఇదే. ఆయనకు ఎల్మ్ చెట్టేదో బీచ్ చెట్టేదో గుర్తుపట్టడం రాదు, అయినా ఆయన నోట ఆ రెండు మాటలకూ అర్థాలు వేరే. బుర్రలో లేని అర్థం నోట్లో ఉంటుందన్నమాట!

అయితే సమాజమే అనేసి కూర్చుందామా? నా చిన్నప్పుడు ఒక మార్కెట్లో ఖరీదుదారు మా బస్తాలోంచి గుప్పెడు కాయలు తీశాడు. తెల్లబడ్డ రెండింటిని వేళ్ల మధ్య తిప్పి "తాలు ఉంది" అన్నాడు. "ఇది తాలా? మంచుకు జర రంగు తగ్గింది, గంతే" అన్నాడు నాన్న. తాలు అంటే రంగు పోయిన నాసి కాయ అని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఏ కాయ దాకా పోవాలన్నదే పంచాయితీ. బస్తాలు మళ్లీ బండికెక్కించుకుని ఊరికి పోయే ఓపిక మాకు లేదు. అవి తాలు అయిపోయాయి. సోయి, యాది, పైలం అనే మన తెలంగాణ మాటలు బడిలో తప్పులైంది కూడా అర్థం తెలియక కాదు. అందుకే సమాజం అనగానే, అందులో ఎవరి మాట చెల్లుతోందని అడుగుతాను.

ఒక్కడికే అర్థమయ్యే భాష కుదరదని విట్‌గెన్‌స్టయిన్ అనే తత్వవేత్త వాదించాడు. ఆ వాదన ఉన్న పుస్తకం ఆయన పోయాక, 1953లో వచ్చింది. ఒక్కరు మాట పుట్టించలేరని మాత్రం కాదు. మా చిన్నది మాటలు నేర్చేటప్పుడు ఫ్యాన్‌ను 'గిర్రు' అనేది. మొదట నవ్వాం, తర్వాత ఇంటిల్లిపాదీ "గిర్రు వెయ్యి" అనడం మొదలుపెట్టాం. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది, ఫ్యాన్ అనే అంటుంది. గిర్రును మాత్రం మా ఆవిడా నేనూ వదల్లేదు.