ముందు ఏ చేపను దింపాలి?

అధ్యక్షులకు, నిర్వాహకులకు, ఆదివారం నీళ్లు మార్చే పని వాయిదా వేసుకుని మరీ వచ్చిన మిత్రులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ఉప్పునీటి అక్వేరియంలో కలిసి బతికే చేపల ఎంపిక. ముప్పావు గంట అన్నారు, ఇప్పుడు పావుగంట అంటున్నారు. సరే, చార్టు పక్కన పెట్టేస్తాను. ఏ చేపకు ఏ చేపతో పడుతుందో గళ్లు గీసి చూపించే చార్టు మీ ఫోన్లలోనే ఉంది. ఎవరు ముందు దిగారన్నది మాత్రం అందులో ఉండదు.

అది చెప్పాలంటే నీలం డామ్సెల్ సంగతి చెప్పాలి. వేలెడంత చేప, చూడముచ్చటగా ఉంటుంది. "కొత్త ట్యాంకులో నీళ్లు కుదురుకునేదాకా ఇది వేయండి, గట్టి పిండం, చావదు" అని దుకాణాల్లో అంటగడతారు. మా మిత్రుడొకాయనకూ అలాగే అంటగట్టారు. నిజంగానే చావలేదు. కొత్త ట్యాంకు నీళ్లలో పేరుకునే విషాలున్నాయే, అమ్మోనియా తట్టుకుంది, నైట్రైట్ తట్టుకుంది. ఆ తర్వాత ఆయన ముచ్చటపడి క్లౌన్ ఫిష్ జంటను తెచ్చారు. వారం తిరక్కుండా ఫోన్. "కొత్త చేపలకు ఏదో రోగమండీ, రెక్కలు చిరిగిపోతున్నాయి. ఏం మందు వేయమంటారు?" వెళ్లి చూస్తే రెండూ పై మూలన హీటర్ వెనక నక్కి ఉన్నాయి. రోగమేమో నీలంగా మెరుస్తూ రాళ్ల మధ్య షికారు చేస్తోంది!

నవ్వకండి. చేతులెత్తమంటే మీలో ఎంతమంది ఎత్తుతారో నాకు తెలుసు.

నీళ్లు కుదురుకోవడమంటే బ్యాక్టీరియా పెరగడం. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. దానికి కావలసింది అమ్మోనియా. ఖాళీ ట్యాంకులో కాస్త మేత వేసి కుళ్లనిస్తే అదే పుడుతుంది. చేప అక్కర్లేదు. ప్రతి సభలోనూ ఇదే చెబుతానని విసుక్కుంటారు, అయినా చెబుతాను, చేప అక్కర్లేదు!

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ట్యాంకులో ఆ సామెత చెల్లదు. ముందు దిగినదానిదే గుహ, దానిదే పెత్తనం. అందుకే ఫైర్ ఫిష్, గోబీ, బంగాయ్ కార్డినల్ లాంటి సాధువులు ముందు దిగాలి. క్లౌన్ జంట తర్వాత. డామ్సెల్, డాటీబ్యాక్ లాంటి పోట్లాటరాయుళ్లు కావాల్సిందే అంటే అన్నిటికన్నా ఆఖరున. అన్నట్టు, ఫైర్ ఫిష్ బెదిరితే బయటికి దూకేస్తుంది, మూత మరవకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నీలం టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, చిన్న ట్యాంకు పెట్టి దాన్ని హింసించకండి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న చేపలు సాధారణంగా ఒకదాన్నొకటి సహించవు. లయన్ ఫిష్ పోట్లాడదు, నోట్లో పట్టిన చేపనల్లా మింగేస్తుంది. మాండరిన్‌ను ఎవరూ ఏమీ అనరు, కానీ దాని తిండి రాళ్ల మీద పాకే కోపెపాడ్లనే బుల్లి జీవులు. కొత్త ట్యాంకులో అవి చాలక ఆకలితో పోతుంది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలండీ.

ఇప్పటికే డామ్సెల్‌ను పెట్టుకున్నవాళ్లు రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చండి, దాని హద్దులు చెరిగిపోతాయి. కొత్త చేపను కొన్నాళ్లు రంధ్రాల డబ్బాలో ఉంచి, లైట్లు ఆర్పాక వదలండి. మా మిత్రుడూ అలాగే చేశారు. డామ్సెల్ కొన్నాళ్లు బుద్ధిగా ఉండి మళ్లీ మొదలెట్టింది. చివరికి దాన్ని వేరే ట్యాంకులోకి మార్చాల్సి వచ్చింది. వల వేస్తే చిక్కితేనా, మళ్లీ రాళ్లన్నీ తీస్తే తప్ప దొరకలేదు. ఇప్పుడు ఒంటరిగా, దర్జాగా ఉంది. కావాల్సినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి, ఊరికే ఇప్పిస్తాను. ఆఖరున దింపుతామని మాటిస్తేనే!