పావలా వడ్డీ కూడా రాని పొదుపు ఖాతా

హోస్ట్: నమస్తే అండి. ఈ వారం మనతో మాట్లాడటానికి మా బాబాయ్ గారు వచ్చారు. పాలకొల్లు, నరసాపురం, రాజోలు బ్యాంకు బ్రాంచీల్లో పనిచేసి రిటైర్ అయ్యారు. బాబాయ్, ముందు ఆచంట నుంచి వచ్చిన ప్రశ్న. "మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంటుంది. బ్యాంకు మార్చుకున్నందుకు కొత్త బ్యాంకు తనకి 175 పౌండ్లు ఇచ్చింది. మన దగ్గర అలా ఏ బ్యాంకు ఇస్తుంది?" అని అడిగారు.

బాబాయ్: ఏ బ్యాంకూ ఇవ్వదమ్మా. వాళ్ల చెల్లెలు చెప్పింది మాత్రం నిజమే. అక్కడ 2013లో ఖాతా మార్చే సర్వీసు ఒకటి పెట్టారు. కొత్త బ్యాంకుకి ఒక్క మాట చెబితే చాలు, ఏడు పనిదినాల్లో జీతం, కరెంటు బిల్లు, ఇంటి వాయిదా అన్నీ కొత్త ఖాతాకి మారిపోతాయి, పాతది మూసేస్తారు. మారడం అంత తేలిక కాబట్టే బ్యాంకులు పోటీపడి డబ్బిచ్చి పిలుస్తాయి. ఊరికే ఇవ్వరు, షరతులుంటాయి. ఇంత డబ్బు జమ కావాలి, ఇన్ని బిల్లులు ఆ ఖాతా నుంచే పోవాలి, అంతకుముందు ఆ బ్యాంకులో ఖాతా ఉండకూడదు, ఇలాంటివి.

హోస్ట్: మరి ఇక్కడ ఎందుకు ఇవ్వరు?

బాబాయ్: మన సెల్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మారుతున్నాం కదా, బ్యాంకు ఖాతాకి ఇక్కడ ఆ వీలు లేదు. రెండోది, రిజర్వ్ బ్యాంకు డిపాజిట్ల మీద 2016లో ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా రాసింది. డిపాజిట్ తెచ్చుకోవడానికి లాటరీలు, బహుమతులు, ఉచిత యాత్రలు పెట్టకూడదు. డిపాజిట్ వేసినవాళ్లకి చిన్న కానుక ఇవ్వొచ్చు గానీ దాని ఖరీదు 250 రూపాయలు దాటకూడదు. అందుకే మనకి డైరీలు, క్యాలెండర్లు వస్తాయి, పౌండ్లు రావు.

ఇంకో మాట చెప్పాలి, ఇది కుర్రాళ్లు వినాలి. "మీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ మాకిచ్చేయండి, ఐదు వేలు ఇస్తాం" అని ఎవరైనా వస్తే దగ్గరికి రానివ్వకండి. సైబర్ మోసాల డబ్బు అలాంటి ఖాతాల్లోంచే తిరుగుతుంది. ఖాతా ఎవరి పేరున ఉంటే పోలీసులు ముందు వాళ్ల ఇంటికే వస్తారు. డిగ్రీ చదివే పిల్లలు ఐదు వేలకి ఆశపడి కేసుల్లో ఇరుక్కుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

హోస్ట్: సరే, బోనస్ లేదు. మరి వడ్డీ సంగతేంటి?

బాబాయ్: అసలు మాట్లాడాల్సింది అదే. మన జిల్లాల్లో వడ్డీని శాతాల్లో ఎవరు చెప్పుకుంటారు? నూటికి నెలకి ఎంత అనే కదా అడుగుతాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. అదే లెక్కలో బ్యాంకుని చూడండి. 2025 జూన్ నుంచి స్టేట్ బ్యాంకులో పొదుపు ఖాతాకి 2.5 శాతం. అంటే నూటికి నెలకి ఇరవై పైసలు, పైన కొద్దిగా చిల్లర. డ్వాక్రా మహిళలకి ప్రభుత్వం పావలా వడ్డీ పథకం పెట్టినప్పుడు ఎంత గొప్పగా చెప్పుకున్నాం! పావలా వడ్డీ అంటే 3 శాతం. ఇప్పుడు మనం బ్యాంకుకి పావలా కన్నా తక్కువకి అప్పిచ్చి కూర్చున్నాం.

హోస్ట్: ఈ లెక్కలో నేనెప్పుడూ చూడలేదు బాబాయ్. అన్ని బ్యాంకుల్లోనూ అంతేనా?

బాబాయ్: ఒకప్పుడు అంతటా ఒకటే. 2011 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఆ కట్టు తీసేసింది. అప్పట్నుంచి ఏ బ్యాంకు రేటు ఆ బ్యాంకుదే. అయినా మనవాళ్లు నాన్నగారి కాలంలో తెరిచిన ఖాతాలోనే ఉండిపోతారు. ఉండండి, తప్పులేదు. కానీ మన డెల్టాలో డబ్బు నెల జీతంలా రాదమ్మా, గంపగుత్తగా వస్తుంది. దాళ్వా కోశాక ధాన్యం డబ్బు ఒకేసారి ఖాతాలో పడుతుంది. రొయ్యల పట్టుబడి అయితే చెప్పక్కర్లేదు. ఆ డబ్బు మళ్లీ పెట్టుబడికి వెళ్లేదాకా నెలల తరబడి ఇరవై పైసలకి అలా పడుంటుంది. నేను కౌంటర్లో ఉన్నప్పుడు పాస్‌బుక్ ప్రింటు తీస్తుంటే మే నెలలో పడ్డ మూడు లక్షలు అక్టోబర్‌కి కూడా అలాగే కనబడేవి.

హోస్ట్: రైతుకి ఎప్పుడు అవసరం వస్తుందో తెలీదు కదా, అందుకని ముట్టుకోరు.

బాబాయ్: ఆయ్, భయం అదే. కానీ అవసరాలన్నీ ఒకేరోజు రావు కదా. జూన్‌లో కాలువలకి నీళ్లొదిలాక నారుమళ్లు, దుక్కి. జులై, ఆగస్టుల్లో నాట్లు కూలీ. తర్వాత ఎరువులు, పురుగుమందులు. కోత ఖర్చు నవంబర్, డిసెంబర్‌ల మాట. కాబట్టి నాలుగు లక్షలుంటే నాలుగు లక్షలకీ ఒకే బాండు, అంటే ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్, వేయొద్దు. లక్ష ఖాతాలో చేతికి అందుబాటులో ఉంచి, మిగతాది లక్ష చొప్పున మూడు బాండ్లు రాయించండి. ఏడు రోజుల నుంచీ ఫిక్స్‌డ్ వేసుకోవచ్చు. ఏ ఖర్చు ఎప్పుడో చూసుకుని ఆ గడువు పెట్టుకోండి. మధ్యలో అవసరం పడితే ఒక బాండు బద్దలవుతుంది, మిగతా రెండూ నడుస్తాయి.

హోస్ట్: ముందే తీస్తే వడ్డీ కోస్తారు కదా?

బాబాయ్: కోస్తారు. ఎన్ని రోజులు ఉంచారో ఆ రోజులకున్న రేటు కట్టి, అందులో అర శాతమో ఒక శాతమో తగ్గిస్తారు. వేసేటప్పుడే అడగండి. తక్కువ గడువుకి రేటు కూడా తక్కువే. ఐదు శాతం అనుకుందాం. మూడు లక్షలు ఐదు నెలలుంటే 6,250 వస్తుంది. పొదుపు ఖాతాలో అయితే 3,125. ఆ తేడా మీ కష్టార్జితం, బ్యాంకుకి వదిలేయడం దేనికి?

హోస్ట్: ఆటో స్వీప్ అంటారు, అది ఇదేనా?

బాబాయ్: అదే పని బ్యాంకు తనంతట తాను చేస్తుంది. ఖాతాలో ఒక మొత్తం దాటితే పైది ఫిక్స్‌డ్‌కి పోతుంది, మీరు డబ్బు తీస్తే మళ్లీ ఫిక్స్‌డ్‌లోంచి వెనక్కొస్తుంది. బాగుంటుంది గానీ అడిగితేనే పెడతారు. రెండు సంగతులు కనుక్కోండి. ఎంత దాటితే మారుతుంది? తీసినప్పుడు ముందు విరిగేది పాత డిపాజిట్టా, కొత్తదా? కొత్తది విరిగితే మీకు నష్టం తక్కువ.

హోస్ట్: పోస్టాఫీసులో నాలుగు శాతం ఇస్తారు కదా. అది పావలా దాటినట్టే!

బాబాయ్: దాటింది, ముప్పైమూడు పైసలు. కానీ లెక్క వేరు. బ్యాంకులో 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ కడుతున్నారు. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో మాత్రం పదో తారీకు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే. ధాన్యం డబ్బు పన్నెండో తారీకున వేస్తే ఆ నెలకి దానిమీద ఏమీ రాదు. ఇరవై ఎనిమిదిన తీసేస్తే ఆ నెలంతా పోయినట్టే. అక్కడ వేసేది పదో తారీకు లోపు వేయాలి, తీసేది ఒకటో తారీకు తర్వాత తీయాలి. పాస్‌బుక్ అట్ట మీద పెన్నుతో రాసుకోండి.

హోస్ట్: స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు ఏడు శాతం అని ప్రకటనలు ఇస్తాయి. వేయొచ్చా?

బాబాయ్: వేయొచ్చు, అవీ రిజర్వ్ బ్యాంకు లైసెన్సున్న బ్యాంకులే. అయితే ఆ ఏడు సాధారణంగా ఫలానా లక్షలు దాటిన భాగానికే వస్తుంది. కింది భాగానికి తక్కువ. పట్టిక మొత్తం చదవాలి. ఇక బీమా. ఏ బ్యాంకైనా మునిగితే ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ఊళ్లో సహకార సొసైటీలో వేసినదానికి ఈ బీమా లేదు. సహకార బ్యాంకు వేరు, సొసైటీ వేరు. డబ్బంతా సొసైటీలోనే పెట్టి కూర్చోకండి.

మనవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. 2025 మే 1న చైతన్య గోదావరి, సప్తగిరి లాంటి గ్రామీణ బ్యాంకులు నాలుగూ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఒకప్పుడు రెండు బ్యాంకుల్లో వేరువేరుగా వేశామని ధీమాగా ఉన్నవాళ్లకి ఇప్పుడు బ్యాంకు ఒకటే, బీమా ఐదు లక్షలూ ఒకటే. పాస్‌బుక్కులన్నీ బయటికి తీసి చూసుకోండి.

హోస్ట్: ఇది మా ఇంట్లో కూడా చూడాలి. బంగారం తాకట్టు పెట్టినవాళ్ల సంగతేంటి బాబాయ్?

బాబాయ్: వాళ్లకి డిపాజిట్ గురించి చెప్పనే చెప్పను. బంగారం మీద తొమ్మిది శాతానికి తెచ్చారంటే ముప్పావలా వడ్డీ కడుతున్నట్టు. పక్కన ఖాతాలో డబ్బు ఇరవై పైసలకి ఉంది. ముందు వెళ్లి ఆ గొలుసు విడిపించుకోండి. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుంటే దాన్ని తీర్చడం కంటే మంచి డిపాజిట్ ప్రపంచంలో లేదు.

హోస్ట్: పెద్దవాళ్లకి?

బాబాయ్: అరవై దాటినవాళ్లకి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీము 8.2 శాతం, 30 లక్షల వరకు. మూడు నెలలకోసారి వడ్డీ. అది తీసుకోకుండా వదిలేస్తే ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ రాదు, కాబట్టి ఖాతాకి జమ అయ్యేలా రాసివ్వాలి. పన్ను గురించి టెన్షన్ పడతారు గానీ, ఏడాదికి లక్ష దాకా వడ్డీకి సీనియర్లకి టీడీఎస్, అంటే వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను, కోయరు, మిగతావాళ్లకి యాభై వేలు. అది దాటినా పన్ను పడని ఆదాయమైతే, టీడీఎస్ కోయొద్దని రాసిచ్చే డిక్లరేషన్, ఇన్నాళ్లూ 15జీ, 15హెచ్ అని పిలిచినది, ఏప్రిల్‌లోనే ఇచ్చేయండి.

హోస్ట్: చివరగా ఒకరు అడిగారు. వాళ్ల అమ్మగారి పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ పెట్టెలో దొరికిందట. ఏళ్లుగా ఎవరూ వాడలేదు. డబ్బు ఉంటుందా?

బాబాయ్: ఎందుకుండదు? రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయని జాబితాలోకి పోతుంది, పదేళ్లు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. అక్కడికి వెళ్లినా హక్కు పోదు. ఉద్గమ్ అని రిజర్వ్ బ్యాంకు సైటు ఉంది, పేరు కొట్టి వెతకొచ్చు. అమ్మగారిని ఆధార్, పాన్, ఆ పాస్‌బుక్‌తో దగ్గర్లోని యూనియన్ బ్యాంకు బ్రాంచికి తీసుకెళ్లమను. ఖాతా మళ్లీ తెరవడానికి ఛార్జీ లేదు. అక్కడే నామినీ పేరు కూడా రాయించేయమను, పాత ఖాతాల్లో చాలావాటికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

హోస్ట్: అలాగే బాబాయ్, చెప్తాను. వచ్చే వారం కౌలు రైతుల పంట రుణాల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.